డ్రాఫ్ట్ రోజున బ్రన్సన్‌లో జట్లు చూడనిది

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2018 డ్రాఫ్ట్‌లో విల్లనోవా విశ్వవిద్యాలయం నుంచి నలుగురు ఎంపికయ్యారు. మికాల్ బ్రిడ్జెస్‌ను 10వ స్థానంలో, డాంటే డివిన్‌చెంజోను 17లో, ఒమారి స్పెల్‌మన్‌ను 30లో తీసుకున్నారు. ఆ జట్టు పాయింట్ గార్డ్, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లి ఆటను నడిపే ఆటగాడు, జేలెన్ బ్రన్సన్ నలుగురిలో ఆఖరివాడు. అతనిది 33వ స్థానం. రెండు జాతీయ కళాశాల టైటిళ్లు గెలిచి, ఆ ఏడాది దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడిగా అవార్డులు అందుకున్నా అంతే. అతనికి ముందు 31, 32 స్థానాల్లో పిలుపు అందుకున్న ఇద్దరూ పాయింట్ గార్డులే. గార్డులకు గిరాకీ లేక కాదు, ఈ గార్డు మీద నమ్మకం లేక వదిలేశారు.

కారణాలు అందరికీ తెలిసినవే. ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, గొప్పగా ఎగరలేడు, మూడేళ్లు కళాశాలలో ఆడాడు కాబట్టి ఇంకా ఎదిగేదేముందన్న అనుమానం. డ్రాఫ్ట్ బల్లల చుట్టూ 21 ఏళ్లవాడిని ముసలివాడిగా చూసే వింత ఆచారం ఒకటుంది.

ఆ భయాలు పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 2010-11లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం గార్డు జిమ్మర్ ఫ్రెడెట్ మ్యాచ్‌కు 28.9 పాయింట్లతో దేశంలోనే అగ్రస్థానంలో నిలిచాడు. ఎత్తు దాదాపు బ్రన్సన్‌దే. 10వ స్థానంలో ఎంపికై, ఎన్‌బీఏలో మ్యాచ్‌కు సగటున ఆరు పాయింట్ల దగ్గరే ఆగిపోయాడు. కళాశాలలో బంతి ఎప్పుడూ అతని చేతిలోనే, ఎంత దూరం నుంచైనా విసిరే స్వేచ్ఛ అతనిదే. పై స్థాయిలో ఆ స్వేచ్ఛ పోయింది. పైగా, అతను కాపలా కాయాల్సిన చోటికే ప్రత్యర్థులు బంతిని నడిపించేవారు. రంజీలో పరుగుల వరద పారించినవాడు టెస్టుల్లో తేలిపోవడం మనకు కొత్త కాదు.

ఎత్తు దాదాపు ఒకటే అయి, కళాశాలలో మెరిసిన ఇద్దరు గార్డులలో ఒకడు తేలిపోయి, మరొకడు నిలిచాడంటే తేడా వేరే చోట ఉండాలి. నా లెక్కలో అది ఆగే నేర్పు. గార్డు ఎంత వేగంగా దూసుకెళతాడో ఎవరైనా చూస్తారు, గడియారంతో కొలుస్తారు కూడా. ఆ వేగాన్ని ఎక్కడ, ఎంత హఠాత్తుగా తుంచేయగలడో చూసేవాళ్లు తక్కువ. ఎన్‌బీఏలో వేగానికి వేగంతో బదులివ్వగల పొడవాటి డిఫెండర్లకు కొదవ లేదు. ఒక్కసారిగా ఆగినవాడితో పాటు ఆగడమే వాళ్లకు కష్టం.

బ్రన్సన్ విల్లనోవా రోజుల వీడియో ఏదైనా తీసి చూడండి. ఎడమచేతివాటం మనిషి డిఫెండర్ ఛాతీకి భుజం ఆనించి బంతిని నేలకు కొడుతూ బుట్ట వైపు రెండు మూడు డ్రిబుళ్లు వేస్తాడు. ఉన్నట్టుండి రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనించి నిలబడిపోతాడు. విల్లనోవా కోచ్ జే రైట్ శిక్షణలోని గార్డులందరికీ అబ్బిన అలవాటిది. అక్కడి నుంచి ఒక కాలి మీద తిరుగుతాడు, బంతి ఎత్తినట్టే ఎత్తి దించుతాడు, ఎదుటివాడు గాలిలోకి లేస్తాడు. అప్పుడు తీరిగ్గా షాట్. పొట్టి గార్డులు ఎదురైతే వాళ్లను వీపుతో నెట్టుకుంటూ లోపలికి తీసుకెళ్లేవాడు. ఇందులో ఎగరాల్సిన పని ఎక్కడుంది? 2023-24లో న్యూయార్క్ నిక్స్ తరఫున మ్యాచ్‌కు 28.7 పాయింట్లు చేసినప్పుడు అతను ఆడింది ఇదే ఆట.

నిబంధనలు కూడా అతని వైపే ఉన్నాయి. కళాశాల ఆటలో డిఫెండర్ బుట్ట కింద ఎంతసేపైనా పాతుకుపోవచ్చు. ఎన్‌బీఏలో, తాను ఎవరినీ దగ్గరగా కాపలా కాయనప్పుడు, మూడు సెకన్లకు మించి అక్కడ నిలిస్తే తప్పు. మూడు పాయింట్ల గీత (దాని అవతలి నుంచి బుట్టలో వేస్తే మూడు పాయింట్లు) అప్పట్లో కళాశాలలో 20 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది, ఎన్‌బీఏలో పైభాగాన 23 అడుగుల 9 అంగుళాలు. దానికి తగ్గట్టు ఆటగాళ్లు దూరంగా విస్తరిస్తారు, నడుమ చోటు దొరుకుతుంది. కళాశాల ఇరుకులోనే దారి వెతుక్కున్న గార్డుకు పై స్థాయి కొంత విశాలంగా కనిపిస్తుంది. దూరపు షాట్ల మీదే బతికినవాడికి పరిస్థితి తారుమారు.

ఎత్తు అనవసరం అనడం నా ఉద్దేశం కాదు. అదే డ్రాఫ్ట్‌లో 11వ స్థానంలో వెళ్లిన షై గిల్జస్-అలెగ్జాండర్ 6 అడుగుల 6 అంగుళాల మనిషి, 2025లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు. కెంటకీ విశ్వవిద్యాలయంలో అతని సగటు 14.4 పాయింట్లే. అదే 2017-18 సీజన్‌లో ఓక్లహోమా విశ్వవిద్యాలయం గార్డు ట్రే యంగ్ మ్యాచ్‌కు 27.4 పాయింట్లు, 8.7 అసిస్టులతో (సహచరుడి బుట్టకు దారితీసే పాస్‌లు) రెండింటిలోనూ దేశంలో మొదటివాడై 5వ స్థానంలో ఎంపికయ్యాడు. షైది కళ్లు చెదిరే వేగం కాదు. ఆగి, కదిలి, మళ్లీ ఆగి డిఫెండర్ లయను చెడగొట్టడమే అతని ఆయుధం. ఆ నేర్పుకు ఎత్తు తోడైతే ఏమవుతుందో అతనిలో చూస్తున్నాం.

షాట్ సంగతికొస్తే, కళాశాల మూడు పాయింట్ల శాతం కంటే ఫ్రీ త్రో (ఫౌల్ తర్వాత ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్) శాతాన్ని ముందు చూడాలంటాను. 2017లో మొదటి స్థానంలో ఎంపికైన మార్కెల్ ఫుల్ట్స్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మూడు పాయింట్ల షాట్లు 41.3 శాతం వేశాడు, ఫ్రీ త్రోలు 64.9 శాతమే. తర్వాత భుజం సమస్య అతన్ని దెబ్బతీసింది, దాన్ని ఎవరూ ముందే ఊహించలేరు. అయినా ఆ రెండో అంకె దగ్గర జట్లు కాసేపు ఆగి ఆలోచించాల్సింది.

ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్లనే తప్పుపట్టడం కూడా పూర్తి న్యాయం కాదు. బ్రన్సన్‌ను తీసుకున్న డాలస్ జట్టు అతన్ని నాలుగేళ్లు రోజూ ప్రాక్టీసులో చూసింది. 2022 ప్లేఆఫ్స్‌లో డాలస్ స్టార్ లూకా డాంచిచ్ గాయంతో దూరమైనప్పుడు యూటా జట్టుపై ఒకే మ్యాచ్‌లో 41 పాయింట్లు చేసింది ఇతనే. ఆ సీజన్‌లో నాలుగేళ్లకు సుమారు 5.5 కోట్ల డాలర్లతో ఒప్పందం పొడిగించుకునే వీలున్నా డాలస్ ఆ పని చేయలేదు. వేసవిలో నిక్స్ దాదాపు 10.4 కోట్లిచ్చి తీసుకెళ్లింది, ప్రతిఫలంగా డాలస్‌కు ఒక్క ఆటగాడూ రాలేదు.