మోటార్ రూమ్ తాళం ఎవరి దగ్గరుంటాది గురూ?

నిన్న వైజాగ్ బీచ్ రోడ్‌లో ముంత మసాలా తింటూ మావోడొకడు మొదలెట్టాడు. ఈ గవర్నమెంట్లు, ట్యాక్సులు వద్దనుకునేవాళ్లంతా స్పేస్‌లోకెళ్లిపోయి చిన్న చిన్న కాలనీలు కట్టుకుని దూరం దూరంగా బతికేస్తే గొడవే ఉండదంట, వేల కాలనీలుంటే ఎవడు ఎవడిని ఏలగలడు అంటాడు. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ రాత్రంతా బుర్రలో అదే తిరిగింది.

ఐడియా పాతదే. 1974లోనే ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ జెరార్డ్ ఓనీల్ ఇలాంటి కాలనీల గురించి రాశాడు, ఆ మరుసటేడు నాసా స్టడీలో 10,000 మంది ఉండే చక్రం డిజైన్ కూడా చేశారు, నిమిషానికో చుట్టు తిరిగితే లోపలున్నోళ్లకి నేల మీదున్నట్టే బరువు తెలుస్తాదంట. ఇంజినీరింగ్‌తో నాకు పేచీ లేదు.

మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్తాను. థర్డ్ ఫ్లోర్ ఆయన లిఫ్ట్ రిపేరు లెక్క చూపించేదాకా మెయింటెనెన్స్ కట్టనన్నాడు, అడిగింది న్యాయమే. సెక్రటరీ గారు ఒక్క మాట అనలేదు, టెర్రస్ ఎక్కి ఆ ఫ్లాట్ వాల్వ్ తిప్పేసి, మోటార్ రూమ్‌కి తాళమేసి, తాళంచెవి జేబులో పడేసుకుని దిగిపోయారు. సాయంత్రానికి వాళ్లావిడ రెండు బిందెలట్టుకుని మా గుమ్మంలో ఉన్నారు. మూడో రోజు ఆయన డబ్బులు కట్టేశాడు. లెక్క మాత్రం ఈరోజుకీ రాలేదు.

నీళ్లకే ఇలాగుంటే, మనిషికి రోజుకి 800 గ్రాముల పైనే ఆక్సిజన్ కావాలి, అక్కడ అది కూడా మెషీనే తయారుచెయ్యాలి, మరి ఆ మెషీన్ రూమ్ తాళం ఎవడి జేబులో ఉంటాది? ఇక్కడైతే బిందె పట్టుకుని పక్కింటికెళ్లొచ్చు. అక్కడ పక్కిల్లు లక్ష కిలోమీటర్ల అవతల. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి చూడండి, 91 మీటర్ల గొట్టం, అందులో ఒకడి పక్క మీద ఒకడి పక్క. అలాంటి చోట ఓట్లుండవు, కెప్టెన్ ఉంటాడు, అతను చెడ్డోడని కాదు, వేరే దారి లేక.

భూమ్మీదే ఒకసారి చేసి చూశారు కదా. 1991లో అరిజోనాలో 8 మంది బయోస్ఫియర్ 2 అనే గాజు మేడలో రెండేళ్లుందామని దూరారు. మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేశాయి, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని కాంక్రీటు పీల్చేసుకుంది, 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 14 చిల్లరకి పడిపోయింది. చివరికి బయట నుంచి పంప్ చేశారు. ఈలోగా ఆ ఎనిమిది మందీ నలుగురు నలుగురుగా విడిపోయారు కూడా! (మనోళ్లయితే ఎనిమిది పార్టీలు పెట్టేద్దురు.)

పోనీ పైకెళ్తే చట్టం వదిలేస్తాదా అంటే అదీ లేదు. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశంలో రిజిస్టర్ అయిన నౌకైతే ఆ దేశం చట్టమే, ప్రైవేటోళ్ల మీద కూడా ఆ దేశం పర్యవేక్షణ ఉండాల్సిందే.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబర్ 12. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, పాల ప్యాకెట్ కోసం లైన్లు. అప్పుడు పక్క జిల్లాల నుంచి కరెంటోళ్లొచ్చి మన వీధుల్లో పోల్స్ నిలబెట్టారు. లారీకి రోడ్డుంది కాబట్టి వచ్చారు.

ఇదంతా పొద్దున్నే మావోడికి వాయిస్ మెసేజ్ పెట్టాను. రిప్లై ఏటిచ్చాడో తెలుసా? "అయితే మా కాలనీకి నేనే సెక్రటరీగా ఉంటాన్లే."