సవరణ: గ్రహశకలానికి హద్దు 10 మీటర్లు కాదు, 1 మీటరు

మొన్నటి పోస్టులో అంతరిక్షంలో తిరిగే రాళ్లలో 10 మీటర్ల కంటే చిన్నవన్నీ మీటియరాయిడ్లే, గ్రహశకలాలు కావు అని ఉంది. అది 1995లో వచ్చిన ఒక ప్రతిపాదన మాత్రమే. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2017లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి 1 మీటరు దాకా ఉన్నవే మీటియరాయిడ్లు. ఇంకా చిన్నవి ధూళి, పెద్దవి గ్రహశకలాలు. ఈ గీత ప్రకృతి గీసింది కాదు, సౌకర్యం కోసం మనం పెట్టుకున్నదే. అయినా అందరూ ఒకే కొలత వాడితేనే లెక్కలు కుదురుతాయి.

అందుకే 2008 అక్టోబరు 7న సూడాన్ మీద పేలిన ‘2008 టీసీ3’ని గ్రహశకలం అనే చదువుకోండి. సైజు దాదాపు 4 మీటర్లే. కానీ అంతరిక్షంలో ఉండగానే టెలిస్కోపుకు చిక్కి, ఆ తర్వాత భూమిని ఢీకొన్న మొట్టమొదటి గ్రహశకలం అదే. దాని ముక్కలు నూబియా ఎడారిలో వందల కొద్దీ దొరికాయి.