డబ్బా మీది వాట్లు చూసి పవర్ సప్లై కొనకండి

తక్కువ బడ్జెట్‌లో పీసీ కట్టుకునేవాళ్ల పార్టుల లిస్టు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ప్రాసెసర్ గురించి వారాల తరబడి ఆలోచిస్తారు. గ్రాఫిక్స్ కార్డ్ కోసం దొరికిన వీడియో అల్లా చూస్తారు. ఆఖర్న మిగిలిన చిల్లరకి ఏ పవర్ సప్లై (ప్లగ్గు కరెంటుని పీసీ భాగాలకి కావలసిన వోల్టేజీల్లోకి మార్చే పెట్టె) వస్తే అది తగిలించేస్తారు. పైగా "ఇంత తక్కువకి 600 వాట్లు" అని సంబరం. ఆ 600 ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కరూ అడగరు.

నాసిరకం వాటిలో 3.3, 5, 12 వోల్టుల లైన్ల అంకెలన్నీ కలిపేసి డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చేస్తారు. కానీ ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ దాదాపు పూర్తిగా 12 వోల్టుల లైను మీదే నడుస్తాయి. కాబట్టి సప్లై పక్కన అంటించిన లేబుల్ చదవండి. 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించండి. 25 ఆంపియర్లు ఉంటే 300 వాట్లు, అంతే! డబ్బా మీద 600 ఉన్నా మీ గ్రాఫిక్స్ కార్డ్‌కి అక్కరకొచ్చేది ఆ 300లోంచే. 12 వోల్టుల లైన్లు రెండు ఉంటే వాటిని మీరు కూడకండి, రెండింటికీ కలిపి ఇచ్చిన వాట్లే లెక్క. మంచి 550 వాట్ల సప్లైలో ఆ 550కి దగ్గరగా మొత్తం 12 వోల్టుల మీదే దొరుకుతుంది.

అసలు మనకెన్ని కావాలి? ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్ టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 కార్డ్ 170 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డేటా దాచే డ్రైవులకి ఇంకో 60 వేసుకున్నా 350 దాటదు. గ్రాఫిక్స్ కార్డులు మిల్లీసెకన్ల పాటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి, దానికీ కొంత జాగా వదలాలి. అయినా నిజాయితీగల 550 వాట్లు హాయిగా సరిపోతాయి. అదే ధరకి దొరికే నాసిరకం 750 కన్నా నేను ఎప్పుడూ దీన్నే తీసుకోమంటాను.

ఇక 80 ప్లస్ స్టిక్కర్. అది సామర్థ్యానికి ఇచ్చే గుర్తింపు మాత్రమే, మన్నికకి కాదు. ప్లగ్గులోంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడిగా పోతోందో చెబుతుంది. 12 వోల్టుల లైను ఎంత నిలకడగా ఉందో, షార్ట్ అయితే సప్లై తనంతట తానే ఆగుతుందో లేదో చెప్పదు. 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ దగ్గర ఈ సామర్థ్యం బ్రాంజ్ స్థాయికి 85 శాతం, గోల్డ్ స్థాయికి 90 శాతం ఉండాలి. పీసీ 200 వాట్లు వాడుతుంటే ఆ తేడా 13 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఆడినా ఏడాదికి 19 యూనిట్లే. బడ్జెట్ బిగుతుగా ఉంటే బ్రాంజ్ చాలు. రంగు లైట్లు, మాడ్యులర్ కేబుళ్లు (సప్లై నుంచి ఊడదీయగలిగేవి) కూడా వదిలేయొచ్చు.

వదలకూడనివి రక్షణలు, అంటే ఏదైనా హద్దు దాటితే సప్లైని ఆపేసే ఏర్పాట్లు. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, ఓవర్ పవర్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ టెంపరేచర్. ఇవి సరిగా లేని సప్లై పోయేటప్పుడు ఒంటరిగా పోకపోవచ్చు, మదర్‌బోర్డునో డ్రైవునో వెంట తీసుకుపోవచ్చు. డ్రైవు పోతే అందులోని ఫోటోలు, చదువు, పని అన్నీ పోతాయి. అసలు కోపం నాకు ఇక్కడే వస్తుంది. మంచి సప్లై కోసం గ్రాఫిక్స్ కార్డ్‌ని ఒక మెట్టు దించుకుంటే ఆటలో సెట్టింగులు కాస్త తగ్గుతాయి, అంతకు మించి నష్టమేమీ లేదు.

"ఏ బ్రాండ్ మంచిది?" అని అడుగుతారు. బ్రాండ్ కాదు, మోడల్ అడగండి. పేరున్న కంపెనీలు చాలావరకు సప్లైలను సొంతంగా తయారు చేయవు, సీసోనిక్, సీడబ్ల్యూటీ, ఎఫ్ఎస్‌పీ లాంటి తయారీదారులతో చేయిస్తాయి. ఒకే బ్రాండ్‌లో ఒక సిరీస్ బాగుంటుంది, ఇంకొకటి దండగ. కాబట్టి లోడ్ పెట్టి, రిపుల్ (వోల్టేజ్‌లో వచ్చే చిన్న ఊగిసలాట) కొలిచి, లోపల విప్పి చూపించిన రివ్యూలనే నమ్మండి. పీసీ సప్లైలకి వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల మీద రిపుల్ 120 మిల్లీవోల్టులు దాటకూడదు. మంచివి అందులో సగం కూడా చేరవు. డబ్బా తెరిచి చూపించే అన్‌బాక్సింగ్ వీడియోల్లో ఇదేమీ కనబడదు. వారంటీ కూడా చూడండి. కంపెనీయే ఐదేళ్లు ఇచ్చిందంటే దానికి తన సరుకు మీద కొంత నమ్మకం ఉన్నట్టే.

సెకండ్ హ్యాండ్‌లో ప్రాసెసర్ కొనండి, ర్యామ్ కొనండి, సప్లై మాత్రం వద్దు. లోపల విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లు వేడికి ఎంత అరిగాయో బయటి నుంచి తెలియదు. తెలుసుకుందామని సొంతంగా విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉండొచ్చు. పాత మాడ్యులర్ సప్లై కేబుళ్లు కొత్తదానికి పెట్టకండి. ప్లగ్ చక్కగా దూరుతుంది, కానీ లోపలి వైర్ల వరుస వేరుగా ఉంటే స్విచ్ వేసిన క్షణంలోనే డ్రైవులు కాలిపోవచ్చు.