స్లాబు కింద ఇనుము కనబడితే తప్పు భాషదా?

ఒడిశాలోని మా రాయగడలో ఇల్లు కట్టించేవాళ్ల నోట తరచూ వింటున్నాను: "నాలుగు భాషల వాళ్లను ఒకచోట చేర్చితే తగువులే. ఒకే ఊరి ముఠాను పెట్టుకుంటే గొడవ ఉండదు." పదిహేనేళ్లుగా సైట్లలో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మా సైటు సంగతే చెబుతాను. తాపీ మేస్త్రులు పార్వతీపురం నుంచి రైల్లో వస్తారు. రాడ్ బెండింగ్ వాళ్లు గుణుపురం ఒడియావాళ్లు. సెంట్రింగ్, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద మోసే చెక్కల పని, ముర్షిదాబాద్ బెంగాలీలది. కంకర తట్టలు మోసే ఆడవాళ్లు బిసంకటక్ వైపు కోదు పల్లెలవాళ్లు. వాళ్ల కువి భాష తెలుగుకు దగ్గరి చుట్టమే, అయినా మాలో ఎవరికీ రాదు.

స్లాబు రోజు పొద్దున్నే మా తాపీ కుర్రాడు రాడ్ బెండింగ్ పెద్దాయనను "తు" అని పిలిచాడు. మనకు నువ్వు, మీరు రెండే. ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడు మెట్లున్నాయి. తండ్రి వయసు మనిషిని తు అంటే ఒరేయ్ అన్నట్టే. కుర్రాడికి అది తెలియదు. (నువ్వు అనుకుని అన్నా తప్పే.) పెద్దాయన మాట్లాడలేదు. తలగుడ్డ దులుపుకుని కిందికి దిగి చెట్టు కింద కూర్చున్నారు. మిక్సర్ అప్పటికే తిరుగుతోంది. స్లాబు మధ్యలో ఆపితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ అతుకు సరిగా కుదరదు. అందుకని నేను పని వైపే చూశాను, ఆయన వైపు చూడలేదు.

స్లాబు వేసేంతసేపూ ఇనుము కట్టినవాళ్లలో ఒకరు పైన ఉండాలి. తొక్కిడికి చువ్వలు కిందికి దిగితే ఎత్తాలి, చువ్వల కింద ఎత్తుకు పెట్టే చిన్న బిళ్లలు, అవే కవర్ బ్లాకులు, పక్కకు పోతే సరిచేయాలి. ఇంటి లోపలి స్లాబుకైనా ఇనుము కింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. లేకపోతే తేమ తగిలి ఇనుము తుప్పుపడుతుంది, ఉబ్బుతుంది, పెచ్చులూడతాయి. ఆ రోజు పైన అలా చూసేవాళ్లు లేరు. 14 రోజుల తర్వాత సెంట్రింగ్ విప్పితే వంటగది పైన చువ్వలు వరుసగా కంటికి కనబడ్డాయి.

బ్లాకులు కదిలిపోవడం తట్టలు మోసిన ఆడవాళ్లు చూశారట! ఎవరికి చెబుతారు? పని గురించి వాళ్లను ఎవరూ అడగరు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా వాళ్లకు ఇప్పటికీ మగవాళ్ల కన్నా తక్కువ కూలి ఇస్తున్నాం. అలా తక్కువ చేసి చూసిన మనిషి మేస్త్రి తప్పును ఎత్తి చూపాలని ఎలా ఆశిస్తాం?

ఒకే ఊరి ముఠానూ చూశాను. మేస్త్రి మేనమామ, మిగతావాళ్లు మేనల్లుళ్లు. కాంక్రీటు సులువుగా జారాలని ఆయన బకెట్ల కొద్దీ నీళ్లు పోయిస్తుంటే ఒక్కరూ నోరెత్తలేదు. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుందని వాళ్లందరికీ తెలుసు. గొడవ లేదు, నిజమే. స్తంభాలు మాత్రం గోరుతో గీస్తే రాలాయి.

అదే, నిరుడు బాల్కనీ దగ్గర ఈ పెద్దాయన మా మేస్త్రితో అరగంట వాదించారు. ముందుకు పొడుచుకొచ్చిన స్లాబుకు ప్రధానమైన ఇనుము పైభాగంలో ఉండాలి, కింద కాదు. ఇద్దరూ గొంతులు చించుకున్నారు, చివరికి చువ్వలు పైకి వచ్చాయి. అలాంటి తగువు సైటుకు రోజూ ఒకటి కావాలంటాను. మనిషిని చిన్నబుచ్చితే ఆ తగువు కూడా రాదు, నోరు మూతపడుతుంది. నాకు భయం దానికే.

పై అంతస్తు స్లాబు వచ్చే గురువారం. పెద్దాయనను పిలవడానికి నేనే గుణుపురం వెళ్లాను. ముందు ఆ కుర్రాడు వచ్చి మాట్లాడాలన్నారు. నిన్న పంపించాను. "ఆపణ" అనడం దారిపొడవునా నేర్చుకుంటూ వెళ్లాడట.