బ్యాండ్‌తో వచ్చినదాన్ని

నిన్న రాత్రి జరిగింది ఇది, కుడి భుజం నొప్పి ఇంకా తగ్గలేదు, ఎందుకు నొప్పో చెప్తా ఆగండి. మా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడున్నాడు, సోమవారం నుంచి శుక్రవారం దాకా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శనివారం బేస్ గిటార్. గచ్చిబౌలి వైపు ఓ పెద్ద హోటల్ లాన్‌లో వాడి బ్యాండ్ షో ఉందని, "గెస్ట్ లిస్టులో పెట్టేశానే, గేటు దగ్గర పేరు చెప్తే చాలు, ఇంకొకళ్లని కూడా తెచ్చుకో, అయ్యాక బ్యాక్‌స్టేజ్‌కి తీసుకెళ్తా" అన్నాడు. మా ఆయన ఆఫీసు పని మీద పుణెలో ఉన్నారు. తోటికోడలు తెనాలి నుంచి వచ్చి ఉంది. ఇద్దరం బయల్దేరాం.

నా ఖర్మేంటంటే వారం రోజులుగా నేను గ్రూపీల గురించి చదువుతున్నా. అరవైల్లో, డెబ్బైల్లో రాక్ బ్యాండ్‌ల వెంట తిరిగిన అమ్మాయిలు. అందులో పమేలా డెస్ బారెస్ అని ఒకావిడ ఉంది, లాస్ ఏంజెలెస్‌లో రాక్ క్లబ్బులుండే సన్‌సెట్ స్ట్రిప్ రోడ్డంతా ఆవిడదే, రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా ఇంట్లో ఆయన పిల్లల్ని చూసుకునేది, బ్యాండ్ వాళ్లకి చొక్కాలు కుట్టిచ్చేది, తనూ ఇంకొందరు అమ్మాయిలూ కలిసి జీటీఓస్ అని సొంతంగా ఒక గ్రూప్ పెట్టి 1969లో ఆల్బమ్ కూడా తెచ్చారు. 1987లో ఆవిడ తన కథంతా పుస్తకంగా రాసింది, దాని పేరే 'ఐయామ్ విత్ ది బ్యాండ్'. అంటే గేటు దగ్గర ఎవరైనా ఆపితే చెప్పే మాట. నేను బ్యాండ్‌తో వచ్చినదాన్ని. ఏం మాట అండీ అది. పాస్ లేదు, టికెట్ లేదు, క్యూఆర్ కోడ్ లేదు, ఓటీపీ లేదు, ఒక్క మాట, తలుపు తెరుచుకుంటుంది. జీవితంలో ఒక్కసారైనా ఆ మాట అనాలని డిసైడైపోయా.

కార్లో దారి పొడుగునా తోటికోడలికి ఇవే కథలు. లండన్‌లో బీటిల్స్ ఆఫీసు ముందు రోజుల తరబడి చలిలో నిలబడే అమ్మాయిలుండేవాళ్లు, యాపిల్ స్క్రఫ్స్ అనేవాళ్లు, జార్జ్ హారిసన్ 1970లో వాళ్ల మీద ఏకంగా ఓ పాటే కట్టాడు అని చెప్పా. వాళ్లలో ఒకమ్మాయి నిచ్చెనేసుకుని బాత్రూం కిటికీలోంచి పాల్ మెకార్ట్నీ ఇంట్లోకి దూరింది, దానికీ ఓ పాట పుట్టింది అన్నా. "కిటికీకి గ్రిల్ లేదా అక్కా?" అంది. తర్వాత షికాగో సింథియా కథ మొదలెట్టా, ఆవిడ 1968లో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ది అచ్చు తీసింది, ప్లాస్టర్‌తో, పళ్ల డాక్టర్లు అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ కలుపుకుని మరీ. "నోట్లో పెట్టి కరవమంటారే, ఆ ముద్దా? అయితే పళ్ల అచ్చా అక్కా?" అంది. పళ్లు కాదన్నా. "చెయ్యా?" అంది. చెయ్యీ కాదన్నా. కాసేపు రోడ్డు కేసి చూసి, సిగ్నల్ పడ్డాక, "రామ రామ" అని హ్యాండ్ బ్రేక్ వేసింది. ఆ అచ్చుల కోసం ఆవిడ తర్వాత కోర్టుకెళ్లి మరీ చాలావరకు వెనక్కి తెచ్చుకుంది తెలుసా అంటే, "జడ్జిగారి ముందు టేబుల్ మీద పెట్టారా?" అని అడిగింది, దానికి నా దగ్గర సమాధానం లేదు.

అన్నీ సరదా కథలే అనుకోకండి. ఆ సన్‌సెట్ స్ట్రిప్ మీదే పద్నాలుగు, పదిహేనేళ్ల స్కూలు పిల్లలు కూడా తిరిగేవాళ్లు, వాళ్లతో ఆ స్టార్లు ప్రవర్తించిన తీరు ఇవాళ చదివితే కడుపులో తిప్పుతుంది. ఇంతా చేస్తే వాళ్లేమో లెజెండ్‌లు, వీళ్లేమో గ్రూపీలు. సరే అది వదిలేయండి, గేటు దగ్గరికొద్దాం.

గేటు దగ్గర ట్యాబ్ పట్టుకుని ఒకమ్మాయి. నా పేరు చెప్పా. లేదంది. ఇంటిపేరుతో చెప్పా, లేదంది. స్పెల్లింగ్‌లో ఒక ఏ తీసేసి చూడమన్నా, రెండు ఏలు పెట్టి చూడమన్నా, లేదంది. "మీకు లింక్ వచ్చుంటుంది మ్యామ్, ఓపెన్ చేస్తే క్యూఆర్ వస్తుంది" అంది. లింక్ రాలేదు. మన బేస్ గిటార్ మహానుభావుడికి ఫోన్ చేస్తే ఎత్తడు. ఆరుసార్లు చేశా. తోటికోడలేమో కారు పార్క్ చేయడానికి బేస్‌మెంట్‌లోకి పోయింది, అక్కడ సిగ్నల్ ఉండదు. వెనక లైన్లో కుర్రాళ్లు "ఆంటీ కొంచెం పక్కకి" అన్నారు. ఆంటీ! అప్పుడొచ్చింది నాకు పౌరుషం. లైన్లోంచి బయటికొచ్చి, పక్కన నిలబడ్డ పెద్ద సెక్యూరిటీ ఆయన దగ్గరికి వెళ్లి, తలెత్తి అనేశా: "నేను బ్యాండ్‌తో వచ్చా."

ఇక్కడ నా జాకెట్ గురించి చెప్పాలి. హెండ్రిక్స్ లండన్‌లో ఒక పాత మిలటరీ కోటు వేసుకుని తిరిగేవాడు, బంగారు రంగు అల్లికలతో, ఫొటోల్లో చూసే ఉంటారు. ఆ టైపుది ఆన్‌లైన్లో ఒకటి కొన్నా. మెరూన్ వెల్వెట్, రెండు వరసల ఇత్తడి బొత్తాలు, ఛాతీ మీద జరీ తాళ్లు, భుజాల మీద పసుపు కుచ్చులు. అద్దంలో చూసుకుంటే సాక్షాత్తూ 1967. కానీ నాకు తట్టని విషయం ఏంటంటే, ఆ తెల్లదొరల మిలటరీ బ్యాండ్ల కోటే మన దేశంలో ఉండిపోయి ఇంకెవరి ఒంటి మీదికో వచ్చింది. తాత ఒక్కడే, మనవలు ఇద్దరు, ఒకడు లండన్లో రాక్ స్టార్ అయ్యాడు, రెండోవాడు మన ఊళ్లో పెళ్లి ఊరేగింపులో క్లారినెట్ వాయిస్తున్నాడు. ఇది నాకు తట్టలేదు. సెక్యూరిటీ ఆయనకి వెంటనే తట్టింది.

నన్ను కింద నుంచి పైదాకా చూసి, "బ్యాండోళ్లకు ఎన్క గేట్ మేడం, జల్ది పో, షురూ అయితుంది" అన్నాడు.

వెనక గేట్! అంటే బ్యాక్‌స్టేజే కదా! పమేలా తల్లీ, నీ మాట చెల్లింది అనుకుంటూ పరిగెత్తా. జనరేటర్లు, గ్యాస్ సిలిండర్లు, ఉల్లిపాయల బస్తాలు దాటుకుని వెళ్తే నిజంగానే బ్యాండ్ ఉంది. పదిహేను మంది. అందరిదీ నా జాకెట్టే.

ఒక్క సెకను, కరెక్టుగా ఒక్క సెకను, అబ్బ వీళ్లు కూడా హెండ్రిక్స్ ఫ్యాన్సే అనుకున్నా చూడండి, ఆ సెకను తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

మాస్టర్ కాబోలు, మీసాలాయన, నోట్లోంచి ట్రంపెట్ తీసి "ఏందమ్మా గింత లేటు, అన్నొస్తడన్నరు నువ్వొచ్చినవా, పట్టు" అని రెండు గిలక్కాయలు నా చేతుల్లో పెట్టాడు. పిల్లల గిలక్కాయలు కాదు, కొబ్బరిబోండం అంత ఒక్కోటీ. అది కాదండీ నేను అనేలోపు ధన్‌మని డ్రమ్ము పడింది. సరే పక్కకి తప్పుకుందామంటే దారేది? మీరు బారాత్‌ని ఎప్పుడూ బయట నుంచే చూసుంటారు, లోపలి నుంచి చూస్తే తెలుస్తుంది. రెండు వైపులా లైట్లు మోసేవాళ్లు, ఒక లైటు నుంచి ఇంకో లైటుకి కరెంటు వైరు, ఆ వైర్లన్నీ వెనక తోపుడు బండి మీద జనరేటర్‌కి. అంటే మనం వైర్ల దడిలో ఉన్నాం. ముందు ట్రంపెట్లు, వెనక గుర్రం. వైరు కింద నుంచి దూరబోయా, లైటు మోసే పెద్దామె "షాక్ కొడ్తది బిడ్డా" అంది. ఆవిడ నెత్తి మీద ఆ బరువు చూశాక నోరు మూసుకుని నడిచా. గిలక్కాయలు ఊపకపోతే మాస్టర్ వెనక్కి తిరిగి గుడ్లురుముతున్నాడు, ఊపా. ఊపకుండా పట్టుకుని నడిచినా అవి మోగుతాయి, తాళం తప్పి మోగుతాయి, దానికన్నా ఊపడమే పరువు. రెండో పాటకి కొంచెం పట్టు దొరికిందని కూడా చెప్పాలి, అబద్ధమెందుకు. పెళ్లికొడుకు బాబాయి ఎవరో డాన్సు చేసుకుంటూ వచ్చి ఇరవై రూపాయల నోటు నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి నా చేతిలోనే పెట్టాడు.

గోడ అవతల లాన్‌లోంచి మా వాడి బేస్ గిటార్ వినపడుతోంది. దుమ్ము దుమ్ము దుమ్మని. హాయిగా వాయించుకుంటున్నాడు.

సరిగ్గా మెయిన్ గేటు ముందుకొచ్చేసరికి, నన్ను ఆంటీ అన్న ఆ కుర్రాళ్లే ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు, వాళ్ల పక్కనే మా తోటికోడలు, పార్కింగ్ స్లిప్పు చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని. "అక్కా, నీకు గిలక్కాయలు ఎప్పుడొచ్చూ?" అని అరిచింది. అదీ అడగాల్సిన ప్రశ్న.

షో చూడలేదు. పెళ్లివారే మొహమాటపడి భోజనం పెట్టారు, ఆ మాస్టర్ నాకు సారీ చెప్పి, అసలు రావాల్సిన అన్నని ఫోన్లో అరగంట తిట్టి, డబుల్ కా మీఠా రెండోసారి వడ్డించమన్నాడు. నా ఇరవై నేను తిరిగిచ్చేస్తే తీసుకోలేదు, కష్టపడి వాయించినవు కదా అన్నాడు. రాక్ చరిత్రలో ఎంతమంది అమ్మాయిలకి బ్యాండ్ వాళ్లు భోజనం పెట్టి పేమెంట్ ఇచ్చి పంపారో నాకు తెలీదు కానీ, ఆ లెక్కన నేను పమేలా కన్నా ఒక మెట్టు పైనే.

పొద్దున పదకొండింటికి మన మహానుభావుడు మెసేజ్ పెట్టాడు, నిన్న రాలేదేంటే, అంత పొగరా, లిస్టులో పెట్టానుగా అని. పేరు లేదురా నాయనా, పావుగంట వెతికించా అంటే స్క్రీన్‌షాట్ పంపాడు. నిజంగానే ఉంది. మా ఆయన పేరు, పక్కన 'ప్లస్ వన్' అని.

మా ఆయనకి వాడెవడో కూడా తెలీదు.