కదలొద్దని శాసించే ఎమ్మారై గారికి

మహారాజశ్రీ ఎమ్మారై గారి దివ్యసముఖమునకు,

నిన్న తమరి దర్శనభాగ్యం దక్కింది. ఇవాళ రిపోర్టు కూడా చేతికొచ్చింది. కదలికల వల్ల చిత్రాలు స్పష్టంగా లేవట, మళ్లీ తీయించుకోవాలట. చెయ్యి వణుకుతోందని నాన్నను తీసుకొస్తే, చెయ్యి వణికిందని తిప్పి పంపారు. ఆహా!

పార్కిన్సన్స్ వణుకు సంగతి తమరికి తెలియంది కాదు. చెయ్యి పనిలో ఉన్నప్పుడు కాస్త తగ్గి, ఊరికే ఉన్నప్పుడే విజృంభిస్తుంది. టెన్షన్ పెరిగితే ఇక చెప్పక్కర్లేదు. అలాంటి మనిషిని సొరంగంలో వెల్లకిలా పడుకోబెట్టి, తల చుట్టూ పంజరం బిగించి, వంద డెసిబెల్స్ దాటే మోత మోగిస్తూ "రిలాక్స్ అవ్వండి, కదలకండి" అంటారా? పైగా మధ్యలో ఒక్కసారి గడ్డం అదిరితే చాలు, తమరికి ఆ ఒక్క క్షణం కాదు, అప్పటిదాకా నిమిషాల తరబడి పోగుచేసిన బొమ్మంతా నీడలు నీడలుగా చెడిపోతుంది.

ఇబ్బందైతే నొక్కమని ఒక రబ్బరు బంతి ఇస్తారు కదా, దాన్ని సరిగ్గా ఆ వణికే చేతిలోనే పెట్టారు. అది దానంతటదే నొక్కుకుంది. స్కాన్ ఆగింది. "ఏమైందండీ?" అని మైకు. "ఏం కాలేదమ్మా" అని నాన్న. మళ్లీ మొదలు, మళ్లీ నొక్కు. చివరికి మైకులో గొంతు మారింది: "సార్, మీరు కోఆపరేట్ చెయ్యాలి." చెయ్యి ఆయన మాట వింటే ఇక్కడికెందుకు వస్తాడమ్మా!

తమరి చుట్టం డాట్‌స్కాన్, అదే పార్కిన్సన్స్ అనుమానముంటే తీసే ఇంకో మెదడు స్కాన్, అది కూడా తక్కువదేం కాదు. ఇంజక్షన్ ఇచ్చి గంటల తరబడి కూర్చోబెట్టి, ఆ తర్వాత తల కదపొద్దంటుంది.

తమరి ఘనత కాదనను. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బున్న కొందరి మెదడులో పాండా ముఖం చూపించేది తమరే, రాగిని బయటికి పంపే మందులతో అలాంటి వాళ్లు చాలామంది కోలుకుంటారు కూడా. కానీ మామూలు పార్కిన్సన్స్‌లో తమరికి చాలాసార్లు ఏమీ కనబడదు. గడ్డ గానీ, పక్షవాతం గుర్తు గానీ లేవని తేల్చడానికే తమరి దగ్గరికి రావడం. అసలు జబ్బును డాక్టరుగారు నాన్న నడకా, వేళ్ల కదలికా చూసే పట్టుకున్నారు.

అదీ సరిపెట్టుకుంటాను. కడుపు మండేది ఇంకొకటుంది. వణుకు తగ్గించే మాత్ర పనిచేసే వేళ చూసుకుని స్లాట్ తీసుకున్నాం. కుర్చీలో కూర్చోబెట్టి కూర్చోబెట్టి, మందు ప్రభావం పూర్తిగా దిగిపోయాక పిలిచారు. ఎమర్జెన్సీ కేసు వచ్చిందన్నారు. రానివ్వండి, ఎవరు వద్దన్నారు? ఆలస్యమవుతుందని ఒక్క ముక్క ముందే చెబితే మాత్ర కాస్త ఆగి వేసేవాళ్లం కదా! ఇప్పుడేమో మత్తిచ్చి తీద్దామంటున్నారు, ఈ వయసులో, మీ టైమ్ తప్పినందుకు. మత్తు సంగతి తర్వాత, ముందు చెప్పిన టైముకి పిలవండి.

ఇట్లు,
పేషెంటు తాలూకు