ఫొటో కింద పేరు

1968 అక్టోబర్ 18. మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో బాబ్ బీమన్ లాంగ్‌జంప్‌లో 8.90 మీటర్లు దూకాడు. అప్పటిదాకా ప్రపంచ రికార్డు 8.35. దూరం కొలిచే పరికరం అంతవరకు రాక, చివరికి టేపు పట్టుకుని కొలవాల్సి వచ్చింది. నోరు తెరిచి, చేతులు బార్లా చాపి, గాలిలో కూర్చున్నట్టు కనిపించే బీమన్ ఫొటోను ఆటలంటే ఇష్టమున్నవాళ్లు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అది తీసింది పత్రికా ఫొటోగ్రాఫర్ కాదు. ఒలింపిక్స్ చూడ్డానికి వెళ్లి ప్రేక్షకుల మధ్య కూర్చున్న టోనీ డఫీ అనే బ్రిటిష్ అకౌంటెంట్. తర్వాత లెక్కల పుస్తకాలు పక్కనపెట్టి ఆయన మొదలుపెట్టిందే ఆటల ఫొటోలు తీసి పత్రికలకు అమ్మే ఆల్‌స్పోర్ట్ ఏజెన్సీ.

పత్రికలో అచ్చయిన ఫొటో మర్నాటికి పకోడీల పొట్లమవుతుంది. ఏజెన్సీ దాచుకున్న నెగెటివ్ సంగతి వేరు. రికార్డు బద్దలైన రోజే పాత రికార్డు ఫొటోకు గిరాకీ పుడుతుంది. 1991లో టోక్యోలో మైక్ పావెల్ 8.95 మీటర్లు దూకిన సందర్భం అలాంటిదే. అసలు తగువల్లా ఆ నెగెటివ్ ఎవరిదన్నదే. హక్కు తీసినవాడి దగ్గరే ఉండాలని రాబర్ట్ కాపా, కార్టియర్ బ్రెస్సన్ తదితర ఫొటోగ్రాఫర్లు 1947లో మాగ్నమ్ అనే సొంత ఏజెన్సీ పెట్టుకున్నారు. అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. 1998లో ఆల్‌స్పోర్ట్‌ను ఫొటోలమ్మే సంస్థ గెటీ ఇమేజెస్ కొనేసింది. బిల్ గేట్స్ స్థాపించిన కార్బిస్ బొమ్మల భాండాగారం 2016లో ఓ చైనా సంస్థ చేతికి వెళ్లింది. చైనా వెలుపల వాటిని అమ్మే పని మళ్లీ గెటీకే దక్కింది. కొట్టు ఒక్కటే అయితే బేరమాడే సత్తా ఫొటోగ్రాఫర్‌కు ఎక్కడిది?

అయినా ఒక్క విషయంలో ఈ వ్యాపారులను మెచ్చుకోక తప్పదు. 1935లో జర్మనీ వదిలి రెండు ట్రంకు పెట్టెల బొమ్మలతో న్యూయార్క్ చేరిన ఆటో బెట్‌మన్ సేకరణ తర్వాత కార్బిస్ చేతికి వచ్చింది. ఇప్పుడది కోటి బొమ్మలు దాటింది. పెన్సిల్వేనియాలో ఒకప్పటి సున్నపురాయి గనిలో, గడ్డకట్టే చలిలో దాన్ని భద్రపరిచారు. వేడికీ తేమకూ ఫిల్మ్ కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది మరి.

మన కోస్తా ఉక్కలో నెగెటివ్‌ల గతేమిటి? 2000లో సిడ్నీలో కాంస్యం అందుకున్న కరణం మల్లీశ్వరి ఫొటో కావాలంటే ఏజెన్సీల దగ్గర నిమిషంలో దొరుకుతుంది. ఆమదాలవలసలో ఆమె బరువులెత్తడం నేర్చుకున్న రోజుల ఫొటోలు ఏ స్టూడియో బీరువాలో ఉన్నాయో! 1977 దివిసీమ ఉప్పెనలో బురదలో నడిచి ఫొటోలు తీసినవాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు? ‘ఫైల్ ఫొటో’ అని రెండు ముక్కలు వేసి చేతులు దులుపుకోవడం తెలుగు పత్రికలకు అలవాటైపోయింది. అందులో మేమూ ఉన్నాం.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులకు చోటుంది. పత్రికలు, పాత స్టూడియోల నెగెటివ్‌లకూ అక్కడ ఒక చల్లని గది కేటాయించాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటిదొకటి కావాలి. స్కానింగ్ ఖర్చులో పత్రికలు వాటా భరించాలి. హక్కు మాత్రం తీసినవారి పేరిటో, వారి వారసుల పేరిటో రాయాలి. ముందుగా ఆ బీరువాలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో జిల్లాలవారీగా జాబితా తయారుకావాలి. వచ్చే వానాకాలంలోపే.